దవడ కీలు నొప్పి, మానని ముఖం నొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఉదయం ఉగ్గాని తింటుంటే నా కుడి దవడ పట్టేసింది. రెండు నెలల తర్వాత ఒక క్లినిక్‌లో ఆ పక్క కింది దంతం పీకేశారు. నొప్పి పోలేదు. పక్క దంతానికి రూట్ కెనాల్ చేశారు. నొప్పి అలాగే ఉంది. నాకున్నది పంటి జబ్బు కాదనీ, చెవి ముందున్న కీలుకూ దాన్ని కదిపే కండరాలకూ సంబంధించిన బాధనీ తెలిసేసరికి ఏడాదిన్నర గడిచింది.

అప్పటి నుంచి దీని మీద దొరికినదల్లా చదువుతున్నాను. అనంతపురంలో మా బడిలోని తోటి టీచర్లు, వాళ్ళ చుట్టాలు, కదిరి నుంచీ నంద్యాల నుంచీ ఫోన్ చేసినవాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. పరీక్ష చేసి మందు రాయాల్సింది డాక్టరే. ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో, దేనికి తొందరపడకూడదో మీకు తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

దవడ కీలు ఎక్కడ ఉంటుంది? దానికి వచ్చే జబ్బు ఏమిటి?

చెవికి సరిగ్గా ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. మోకాలిలాగా ఇది ఒక్కచోట మడిచే కీలు కాదు. ముందు తలుపు బందులా తిరుగుతుంది, నోరు ఇంకాస్త తెరిస్తే ముందుకు జారుతుంది. ఎముకలు ఒరుసుకోకుండా మధ్యలో చిన్న మెత్తటి బిళ్ళ ఉంటుంది. కుడి కీలూ ఎడమ కీలూ ఒకే ఎముకకు రెండు చివర్లు కాబట్టి ఒకటి బాధపడితే రెండోదాని మీదా భారం పడుతుంది.

ఈ కీలుకూ, నమిలే కండరాలకూ వచ్చే బాధలన్నిటినీ కలిపి డాక్టర్లు టీఎండీ అంటారు. అది ఒక్క జబ్బు కాదు, ముప్పైకి పైగా ఇబ్బందులకు పెట్టిన ఉమ్మడి పేరు. కొందరిలో కండరాలే పట్టేస్తాయి. కొందరిలో ఆ బిళ్ళ పక్కకు జారుతుంది. ఇంకొందరిలో మోకాళ్ళు అరిగినట్టు ఈ కీలే అరుగుతుంది. ఒకేసారి రెండు మూడు ఉండటమూ మామూలే. లెక్కలు వేసినవాళ్ళు 100 మందిలో 5 నుంచి 12 మందికి ఈ బాధ ఉంటుందని చెబుతారు. చాలా మందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా వదలకపోతే దీర్ఘకాలిక నొప్పి కింద చూడాలి. ఈ పేజీ ముఖ్యంగా వాళ్ళ కోసమే.

ఇది పంటి నొప్పి కాదని ఎలా తెలుస్తుంది?

నేను మొదట తప్పుదారి పట్టింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పుచ్చిన పంటి నొప్పి సాధారణంగా ఒక పంటి దగ్గరే ఉంటుంది. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, ఆ పంటి మీద కొడితే నొప్పి. దవడ నొప్పి అలా ఒక్క చోట ఉండదు. చెంప, కణత, చెవి లోపల, మెడ దాకా పాకుతుంది. ఆవలించినా, గట్టిది నమిలినా, ఎక్కువసేపు మాట్లాడినా పెరుగుతుంది. కొందరికి పొద్దున లేవగానే దవడ బిగుసుకొని ఉంటుంది. చెవి నొప్పి అనుకొని ఈఎన్టీ డాక్టర్ దగ్గరికి వెళితే చెవి బాగుందంటారు.

మాయ ఎక్కడుందంటే, నమిలే కండరంలో పుట్టిన నొప్పి పంటిలో ఉన్నట్టు తోస్తుంది. ముఖం నుంచి స్పర్శనూ నొప్పినీ మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ అనే ఒకే పెద్ద నరం. దాని మూడు కొమ్మలు నుదురు, పై దవడ, కింది దవడ అంతటా పరుచుకొని ఉంటాయి. అన్ని కబుర్లూ ఒకే దారిలో వెళుతుంటే ఏది ఎక్కడ నుంచి వచ్చిందో మెదడు పొరబడుతుంది. కాబట్టి ఎక్స్‌రేలో పన్ను బాగున్నా "నొప్పి అక్కడే కదా, పీకేద్దాం" అని ఎవరైనా అంటే, ఇంకొక డాక్టర్‌కు చూపించే దాకా ఆగండి.

నొప్పిని చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని మాటలు వాడుకోండి. సలుపు, పోటు, గుంజు, మంట, జివ్వుమనడం ఒకటి కావు. కండరం నొప్పి ఎక్కువగా సలుపు, గుంజు. నరం నొప్పి జివ్వుమంటుంది. "నొప్పిగా ఉంది" అని మాత్రమే చెబితే డాక్టర్‌కు సగం సమాచారమే అందుతుంది.

నోరు తెరిస్తే టక్‌మని శబ్దం వస్తోంది. ప్రమాదమా?

నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఆ శబ్దానికి చికిత్స అక్కర్లేదు. ఏ బాధా లేనివాళ్ళకు ఎంఆర్ఐ తీసి చూస్తే దాదాపు మూడో వంతు మందిలో ఆ బిళ్ళ పక్కకు జారి కనిపించింది. అంటే బిళ్ళ జారినంత మాత్రాన నొప్పి రావాలని లేదు. శబ్దం ఆగిపోయి, ఒక్కసారిగా నోరు సగమే తెరుచుకోవడం మొదలైతే మాత్రం వెంటనే చూపించుకోండి. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. మామూలుగా 40 మిల్లీమీటర్లు, అంతకు మించి తెరుచుకుంటుంది.

మా ఆయనకు నోరు తెరుచుకోవడం లేదు. గుట్కా అలవాటు ఉంది. ఇదీ అదేనా?

ఇది వేరే జబ్బు కావచ్చు, ఎక్కువ భయపడాల్సిందీ ఇదే. వక్క, గుట్కా, వక్కతో కలిపిన పొగాకు నమిలేవాళ్ళలో బుగ్గల లోపలి పొర గట్టిపడి, తెల్లబడి, తాళ్ళలాంటి పట్టీలు ఏర్పడతాయి. కారం తగిలితే నోరంతా మంట. నెమ్మదిగా నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది ఉన్నవాళ్ళలో కొందరికి నోటి క్యాన్సర్‌గా మారుతుంది. అందుకే డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం తప్పకుండా పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

కాపడం పెట్టుకొని, నొప్పి మాత్ర వేసుకొని కూర్చుంటే విలువైన కాలం పోతుంది. అమ్మా, ఆయన్ని ఈ వారమే దంత వైద్య కళాశాలకు తీసుకెళ్ళండి. బస్టాండ్ దగ్గర దొరికే ఆ పొట్లం మానకుండా ఏ మందూ పని చేయదు. పొగాకు లేదు, ఉత్త వక్కే అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ఈ జబ్బుకు అసలు కారణం ఆ వక్కే.

చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు వస్తోంది. ఇదీ దవడ కీలు నొప్పేనా?

కాకపోవచ్చు. పళ్ళు తోముతుంటే, ముఖం కడుగుతుంటే, గాలి తగిలినా ముఖానికి ఒకే పక్క షాక్ కొట్టినట్టు వచ్చి, కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు ఆగిపోతే అది ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు. ఇది యాభై దాటినవాళ్ళలో ఎక్కువ. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు, కార్బమజెపైన్ అనే మందుకు చాలా మందిలో లొంగుతుంది. ఆ మందు డాక్టర్ చెబితేనే వేసుకోవాలి. వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి. మందుకు తగ్గకపోతే నరం మీద ఒత్తే రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్ ఉంది. దీనికి న్యూరాలజిస్టును కలవండి. ఈ నొప్పికి కూడా పళ్ళు పీకించుకున్నవాళ్ళు ఎందరో.

ఎప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు?

ఛాతీ బరువుతో, చెమటలతో దవడ నొప్పి వస్తే అది గుండెపోటు కావచ్చు, 108కి ఫోన్ చేయండి. గాయమైన కొన్ని రోజులకు దవడ బిగుసుకుపోతుంటే ధనుర్వాతం గుర్తుకు రావాలి. ముఖం వాచి జ్వరం వస్తే, చెంప మొద్దుబారితే, నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే, మింగడం కష్టమైతే కూడా అంతే. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణతల నొప్పితో పాటు నమిలేటప్పుడు దవడ అలసిపోయి, చూపు మసకబారితే అది రక్తనాళాల వాపు కావచ్చు. అది కంటిచూపుకే ప్రమాదం.

అసలు ఈ నొప్పి ఎందుకు వస్తుంది? పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు గత ముప్పై ఏళ్ళలో చాలా మారింది. చాలా మందికి పాత జవాబే తెలుసు.

1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే ఈఎన్టీ డాక్టర్, వెనక పళ్ళు పోయి దవడ పైకి జరగడం వల్ల చెవి, ముఖం నొప్పులు వస్తాయని రాశాడు. ఆ వివరణ శరీర నిర్మాణం ప్రకారం నిలబడలేదు. కానీ దాని నీడ మాత్రం మిగిలింది. పళ్ళు సరిగ్గా కుదరకపోతే దవడ నొప్పి వస్తుందనీ, వాటిని అరగదీసో సరిచేసో తగ్గించవచ్చనీ దశాబ్దాల పాటు నమ్మారు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, పళ్ళ కుదురుకూ ఈ నొప్పికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు.

1992లో మొదటిసారి అందరూ ఒకే రకంగా పరీక్షించడానికి ఒక పద్ధతి వచ్చింది, 2014లో దాన్ని మెరుగు పరిచారు. ఎక్కడ నొక్కాలి, ఎంత బలంతో నొక్కాలి, ఏ ప్రశ్న అడగాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, అంతకు ముందు ఒక్కో ఊరి డాక్టర్ ఒక్కో దాన్ని ఆ పేరుతో పిలుస్తుంటే ఏ అధ్యయనాన్నీ ఇంకోదానితో పోల్చే వీలు ఉండేది కాదు.

అన్నిటికన్నా పెద్ద మలుపు ఒపేరా అనే అధ్యయనం. 2006లో అమెరికాలో నాలుగు చోట్ల మొదలైంది. దాని గొప్పదనం ఏమిటంటే, నొప్పి ఉన్నవాళ్ళను కాకుండా, అప్పటికి దవడ నొప్పి లేని 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళను తీసుకొని, ఎవరికి వస్తుందా అని ఏళ్ళ తరబడి గమనించారు. అలా గమనించిన 2,737 మందిలో 260 మందికి కొత్తగా నొప్పి వచ్చింది. ఏడాదికి 100లో దాదాపు నలుగురు. ఎవరికి వచ్చిందని చూస్తే, ఒంట్లో వేరే చోట్ల కూడా నొప్పులున్నవాళ్ళు, తలనొప్పి, నడుము నొప్పి, కడుపు ఇబ్బంది ఉన్నవాళ్ళు, నిద్ర సరిగ్గా లేనివాళ్ళు, ఒంటిలో చిన్న చిన్న బాధలు ఎక్కువగా ఉన్నవాళ్ళు ముందున్నారు. నొప్పి మొదలవడానికి ముందు నెలల్లోనే వాళ్ళ నిద్ర దెబ్బతింటూ వచ్చిందని కూడా తేలింది.

నేను ఇది చదివిన రాత్రి చాలాసేపు పడుకోలేకపోయాను. దవడ పట్టేయడానికి ముందు ఏడాది మా అమ్మ మంచాన పడింది. రాత్రి రెండు మూడు సార్లు లేచేదాన్ని. పళ్ళు చూసిన ఏ డాక్టరూ నా నిద్ర గురించి ఒక్క మాట అడగలేదు.

2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు పెద్ద నివేదిక వేశాయి. అందులో రోగుల మాటలు కూడా విన్నారు. దంత వైద్యం ఒక పక్క, మిగతా వైద్యం ఒక పక్క విడిపోవడం వల్ల ఈ రోగులు ఎవరికీ చెందకుండా పోతున్నారనీ, దీన్ని పళ్ళ సమస్యగా కాక శరీరమంతటికీ సంబంధించినదిగా చూడాలనీ చెప్పారు. అమెరికా గురించి రాసిందే అయినా, చదువుతుంటే మన ఊళ్ళ సంగతి చెప్పినట్టే అనిపించింది.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అంటే నొప్పి నా ఊహేనా?

కాదు. ఈ మాట అత్తగారింట్లో, ఆఫీసులో, కొన్నిసార్లు ఆసుపత్రిలోనూ విని ఏడ్చినవాళ్ళు నాతో మాట్లాడారు.

స్కాన్ ఎముకనూ బిళ్ళనూ చూపిస్తుంది. నొప్పిని చూపించదు. నొప్పి చాలాకాలం ఉండిపోతే వెన్నుపాము, మెదడులోని నరాల వ్యవస్థే మారిపోతుంది. వాన వెలిసినా కాలువ పారుతున్నట్టు, మొదటి గాయం మానినా కబురు వెళుతూనే ఉంటుంది. మామూలు తాకిడి కూడా నొప్పిగా తోస్తుంది. దీన్ని కేంద్ర నాడీవ్యవస్థ సున్నితం కావడం అంటారు. టీఎండీ ఉన్న చాలా మందికి చేతి మీద, కాలి మీద ఒత్తిడి పెట్టినా ఇతరుల కన్నా ముందే నొప్పి కలుగుతుందని పరీక్షల్లో తేలింది. బాధ దవడలో ఉన్నా, మార్పు లోపల నొప్పిని తూచే త్రాసులో వచ్చిందన్నమాట. ఇది శరీరంలో జరిగే మార్పు. సోమరితనమూ కాదు, నాటకమూ కాదు.

ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ?

ఆసుపత్రులకు వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే చాలా ఎక్కువ, ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య. ఒపేరాలో మాత్రం కొత్తగా నొప్పి వచ్చేవాళ్ళలో ఆడా మగా తేడా కొంచెమే కనిపించింది. అంటే ఆడవాళ్ళలో అది తొందరగా వదలదన్న అనుమానం బలపడింది. హార్మోన్ల పాత్ర మీద ఇంకా పని జరుగుతోంది. నా అభిప్రాయం ఒకటి చెబుతాను. మా పక్క ఆడవాళ్ళు పొలం పని, ఇంటి పని అయ్యాక నిద్రకు మిగిలే గంటలెన్ని అని అడగకుండా ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకదు.

రాత్రి పళ్ళు కొరకడం వల్లే వస్తుందా?

అందరూ అలాగే చెబుతారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో దవడ కండరాల నొప్పి ఉన్న 124 మంది ఆడవాళ్ళనూ, లేని 46 మందినీ నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి కొలిచారు. పళ్ళు కొరికేవాళ్ళు రెండు గుంపుల్లోనూ పదింట ఒకరే. నొప్పి ఉన్నవాళ్ళలో పళ్ళు కొరుకుతామని నమ్మినవాళ్ళు మాత్రం చాలా ఎక్కువ.

దీని కన్నా పగటి అలవాటును గమనించండి. ఫోన్ చూస్తూ, బండి నడుపుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ పళ్ళు బిగపట్టి ఉంచుతాం. తిననప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక మెత్తగా పై అంగిటికి ఆనాలి. నేను మా తరగతి గది గడియారం మీద చిన్న ఎర్ర బొట్టు అంటించాను. అది కంట పడిన ప్రతిసారీ దవడ వదులు చేసుకుంటాను.

డాక్టర్ "టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. అంటే నాకు పిచ్చి అంటున్నాడా?

అనడం లేదు, కానీ అలా ఒక్క ముక్కలో చెప్పి పంపడం సరికాదు. టెన్షన్, దిగులు, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి. నొప్పి మళ్ళీ వాటిని పెంచుతుంది. ఆ గానుగ నుంచి బయటపడటానికి నేర్పే పద్ధతి ఉంది. దాన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. నొప్పి వచ్చినప్పుడు మనసులో వచ్చే ఆలోచనలనూ, చేసే పనులనూ గమనించి మార్చుకోవడం నేర్పుతారు. దీర్ఘకాలిక దవడ నొప్పికి గట్టి ఆధారాలున్న చికిత్సల్లో ఇదొకటి. దగ్గరలో నిపుణులు దొరకనివాళ్ళు ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏ చికిత్స పని చేస్తుంది?

2023 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం, అందులో రోగులు కూడా ఉన్నారు, దీర్ఘకాలిక టీఎండీ నొప్పికి సూచనలు ఇచ్చింది. బలంగా సిఫారసు చేసినవి ఇవి: పైన చెప్పిన థెరపీ, ఫిజియోథెరపిస్టు చేత్తో చేసే దవడ కదలికలు, పట్టేసిన కండరపు ముడులను నొక్కి వదులు చేయడం, పక్కన ఉండి చేయించే దవడ వ్యాయామాలు, మెడా భుజాల భంగిమ సరిచేసే వ్యాయామాలు, ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు. అన్నీ శ్రమతో కూడినవి, ఖర్చు తక్కువవి. ఏదీ కోత పెట్టదు. ఆక్యుపంక్చర్‌ను కొంత తక్కువ నమ్మకంతో చేర్చారు.

అదే బృందం బొటాక్స్, గాబాపెంటిన్, కీలులో ఇంజెక్షన్లు, లేజర్ లాంటి వాటికి ఆధారం చాలదని, మామూలుగా వద్దని చెప్పింది. కీలులోని బిళ్ళ తీసేసే ఆపరేషన్, పళ్ళ కుదురును శాశ్వతంగా మార్చే పరికరాలు, నల్లమందు జాతి మాత్రలు కలిపిన నొప్పి మందులు వద్దని బలంగా చెప్పింది.

కర్నూలులో ఉండే మా చిన్నమ్మ కూతురికి ఆరు వారాల ఫిజియోథెరపీతో మూడు వేళ్ళు పట్టేంతగా నోరు తెరుచుకుంది. అందరికీ అంత త్వరగా కాదు. నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నైట్ గార్డ్ చేయించుకోమన్నారు. చేయించుకోవాలా?

పళ్ళు అరిగిపోతుంటే వాటిని కాపాడటానికి పనికొస్తుంది. నొప్పి తగ్గించడానికి మాత్రం ఆధారం బలహీనంగా ఉంది. పైన చెప్పిన సూచనల్లో కూడా దాన్ని "మామూలుగా వద్దు" అన్న వరసలోనే పెట్టారు. కొందరికి ఊరట ఇచ్చిన మాట కూడా నిజమే. చేయించుకుంటే పళ్ళన్నిటినీ కప్పేది, రాత్రి మాత్రమే పెట్టుకొనేది, పొద్దున తీసేసేది అడగండి. పగలూ రాత్రీ పెట్టుకోమంటే పళ్ళ కుదురే మారిపోయే ప్రమాదం ఉంది.

పళ్ళు అరగదీస్తే, క్లిప్పులు పెడితే, ఆపరేషన్ చేస్తే పూర్తిగా పోతుందని చెప్పారు. నిజమేనా?

వెనక్కి తీసుకోలేని పనికి ఒప్పుకొనే ముందు కనీసం మూడు నెలలు వెనక్కి తీసుకోగలిగిన పద్ధతులన్నీ ప్రయత్నించండి. నేను ఈ పేజీ రాయడానికి ఈ ఒక్క మాటే కారణం. అరగదీసిన పన్ను తిరిగి పెరగదు. క్లిప్పులు పళ్ళ వరసను సరిచేస్తాయి, దవడ నొప్పికి మందుగా వాటిని వాడటానికి ఆధారం లేదు.

1980లలో అమెరికాలో కీలులోని బిళ్ళ తీసేసి దాని బదులు టెఫ్లాన్ కలిపిన పరికరాలు పెట్టారు. అవి లోపలే ముక్కలై, శరీరం వాటి మీద తిరగబడి, చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. 1990ల మొదట్లో ప్రభుత్వం వాటిని వెనక్కి రప్పించింది. అప్పటికే ఎంతోమంది ఒక ఆపరేషన్ పాడైతే ఇంకోటి చేయించుకుంటూ బతుకంతా బాధలో పడ్డారు. వాళ్ళు పట్టుబట్టడం వల్లే ఈ జబ్బు మీద పరిశోధనకు డబ్బు, దృష్టి వచ్చాయి.

ఆపరేషన్ తప్పనివాళ్ళు కొందరున్నారు. కీలు ఎముకతో అతుక్కుపోయినవాళ్ళు, గడ్డలున్నవాళ్ళు, ఎముక విరిగినవాళ్ళు. అది వేరే సంగతి.

చిన్నపిల్లలు గడ్డం మీద పడితే ఏం చేయాలి?

గడ్డం చిట్లితే కుట్లు వేయించి ఇంటికి తెచ్చేస్తాం. కానీ ఆ దెబ్బ నేరుగా కీలు కిందే దవడ ఎముక సన్నగా ఉండే చోటికి తగిలి అక్కడ విరగవచ్చు. చూసుకోకపోతే కొన్ని నెలల్లో కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోదు, పెరిగే వయసు కాబట్టి గడ్డం ఎదగక ముఖం వంకర పోతుంది. చెవిలో చీము చాలాకాలం కారినా ఇలా కావచ్చు. పడిన తర్వాత నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు పోతుంటే, చెవి ముందు నొక్కితే ఏడిస్తే, దంత శస్త్రచికిత్స నిపుణులకు చూపించి తీరాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు? ఏం తినాలి?

నొప్పి బాగా ఉన్న రెండు మూడు వారాలు దవడకు విశ్రాంతి ఇవ్వండి. పూర్తిగా కదపకుండా మాత్రం ఉంచవద్దు, బిగుసుకుపోతుంది.

తిండి విషయంలో రాయలసీమవాళ్ళం అదృష్టవంతులం. సంకటి అసలు నమలకుండా మింగే తిండి. వేడి రాగి సంకటి, ఆకుకూర పప్పు, నెయ్యి ఉంటే దవడకు పని తక్కువ, ఒంటికి బలం ఎక్కువ. కొర్రన్నం మెత్తగా వండుకోండి. జొన్న రొట్టె మానక్కర్లేదు, వేడిగా మెత్తగా ఉన్నప్పుడు పప్పులో నానబెట్టి చిన్న ముక్కలుగా తినండి. ఎండిన రొట్టె, నిప్పట్లు, శెనక్కాయ ఉండలు, ఎండు కొబ్బరి, చెరుకు గడ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. శెనక్కాయలు పంటితో ఒలిచే అలవాటు మానండి. వేయించినవి తినాలనిపిస్తే పొడి కొట్టి సంకటిలో అద్దుకోండి. చూయింగ్ గమ్ వద్దు.

కండరం పట్టేసినప్పుడు తడి వేడి బాగా పని చేస్తుంది. గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, చెంప మీద పది పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి నోరు మరీ తెరుచుకోకుండా ఆపండి. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడొద్దు. చెంప కింద చెయ్యి పెట్టి బోర్లా పడుకోవద్దు. అన్నిటికన్నా ముందు నిద్రను సరిచేసుకోండి, ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవడం దగ్గర మొదలుపెట్టండి.

నొప్పి మాత్రలు ఎన్నాళ్ళు వేసుకోవచ్చు?

కొత్తగా నొప్పి వచ్చినప్పుడు డాక్టర్ చెప్పిన కొద్ది రోజులు. నెలల తరబడి షాపులో కొనుక్కొని మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. మా పక్క పల్లెల్లో సూది వేయించుకొని పనికి వెళ్ళే అలవాటు ఉంది, అది చాలా ప్రమాదం.

2022లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. నడుము నొప్పి, దవడ నొప్పి తగ్గిపోయినవాళ్ళ రక్తంలో మొదట్లో వాపును నడిపే తెల్ల కణాలు చురుగ్గా ఉన్నాయి, నొప్పి ఉండిపోయినవాళ్ళలో లేవు. మొదటి వాపు నొప్పి మానడానికి సాయం చేస్తుందేమో, దాన్ని మందులతో పూర్తిగా అణచడం మంచిదేనా అన్న ప్రశ్న దీనితో లేచింది. ఇది చదివి మందు మానేయకండి, మనుషుల మీద నేరుగా పరీక్షించి తేల్చాల్సిన విషయం ఇది.

మన జిల్లాల్లో ఎక్కడికి వెళ్ళాలి?

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి, ఈ నొప్పిని మొదట చూడాల్సింది వాళ్ళే. కర్నూలులోనూ దంత వైద్య కళాశాల ఉంది. నరాల నొప్పి అనుమానం ఉంటే కర్నూలు సర్వజన ఆసుపత్రి మంచి దారి. అనంతపురంవాళ్ళు ముందు ఇక్కడి సర్వజన ఆసుపత్రిలో దంత విభాగాన్నీ ఫిజియోథెరపీనీ చూడండి, అప్పు చేసి బెంగళూరు పరిగెత్తే పని చాలా మందికి ఉండదు.

కాలేజీలో "పరిశోధనలో చేరతారా" అని అడిగారు. చేరవచ్చా?

చేరవచ్చు, చేరితే మంచిదని నా అభిప్రాయం. పీజీ చదివేవాళ్ళు ఇలాంటి అధ్యయనాలు చేస్తారు. ఒపేరా అమెరికావాళ్ళను అడిగింది. ఎండలో శెనక్కాయ పీకే మనిషినీ, గుట్కా మానలేని ఆటో డ్రైవర్‌నూ, మన భాషలో మన నొప్పి గురించి అడిగేది ఇక్కడివాళ్ళే.

చేరే ముందు సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని అడగండి. చదవలేనివాళ్ళకు సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఏం చేస్తారు, ఏ ఇబ్బంది రావచ్చు, మీ వివరాలు ఎవరు చూస్తారు అని అడిగి తెలుసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగడం మీ హక్కు. కొత్త చికిత్సను పరీక్షించేదైతే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలి, ఆ నంబర్ అడగండి. మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినందుకు మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు.

పూర్తిగా తగ్గుతుందా?

ఎక్కువ మందికి తగ్గుతుంది లేదా బతుకు నడిచేంతగా అదుపులోకి వస్తుంది. నాకు ఇప్పుడు ఏడాదిలో రెండు మూడు సార్లు, ఎక్కువగా పరీక్షల నెలలో, ఒక వారం పట్టేస్తుంది. అప్పుడు సంకటికి, తడిగుడ్డకు, గడియారం మీది ఎర్ర బొట్టుకు తిరిగి వెళతాను. మిగతా రోజులు పాఠం చెబుతాను, నవ్వుతాను, ఉగ్గాని తింటాను.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాయండి. నొప్పి పదికి ఎంత, అది సలుపా మంటా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఆ రోజు ఏం తిన్నారు, ఏం చేశారు. రాయడం రానివాళ్ళు ఇంట్లో పిల్లల చేత రాయించుకోండి. తలనొప్పి, నడుము నొప్పి, కడుపు ఇబ్బంది, కీళ్ళ వాతం ఉంటే చెప్పండి. పాత ఎక్స్‌రేలు, వేసుకున్న మాత్రల పేర్లు పట్టుకెళ్ళండి. పీకించుకున్న పళ్ళు ఏవో, ఎప్పుడు పీకారో, పీకాక నొప్పి మారిందో లేదో, అదీ రాయండి.